వీధి మాటల ఇంటిపేర్లు

డబ్బు తీసుకుని ఎగ్గొట్టినవాడి గురించి చెప్పాల్సి వస్తే తెలుగు వీధి ముందుగా మోసపోయినవాడి నెత్తివైపు చూస్తుంది. నామం పెట్టాడు, పంగనామం పెట్టాడు, ఎగనామం పెట్టాడు, శఠగోపం పెట్టాడు, టోపీ పెట్టాడు, కుచ్చుటోపీ పెట్టాడు అంటుంది. కాస్త కిందికి దిగితే చెవిలో పువ్వు పెట్టాడంటుంది. నష్టం మరీ పెద్దదైతే క్షవరం అయిందనీ, గుండు కొట్టించాడనీ అంటుంది. పోయింది జేబులో డబ్బు, మాటలన్నీ తిరిగేది తల చుట్టూ. ఇందులో సగం మాటలకు పుట్టిల్లు గుడి.

నామం అంటే వైష్ణవులు నుదుట దిద్దుకునే తిరునామం. పంగ అంటే రెండుగా చీలిన కొమ్మ. పిల్లలు ఉండేలు చేసుకునే పంగలకర్రలో ఉన్నది ఆ పంగే. అలా చీలినట్టు కనిపించే నిలువు గీతల నామం పంగనామం. శఠగోపానిది ఇంకా పెద్ద కథ. నమ్మాళ్వారుకు శఠకోపుడని పేరు. విష్ణు పాదాలు పైన ఉండే చిన్న కిరీటంలాంటి లోహపు పాత్రకు ఆ పేరే వచ్చింది. తీర్థం ఇచ్చాక అర్చకుడు దాన్ని భక్తుడి తలమీద ఆనిస్తాడు. భక్తుడు తల వంచుతాడు, కళ్లు మూసుకుంటాడు. నెత్తిన చల్లగా ఒక బరువు ఆనుతుంది, మరుక్షణం లేచి పక్కవాడి తలమీదికి వెళ్లిపోతుంది. ఊళ్లో చిట్టీల వ్యాపారి రాత్రికి రాత్రి తాళం వేసుకుపోయిన రోజున ఈ దృశ్యమే ఎందుకు గుర్తొచ్చిందో చెప్పనక్కర్లేదు. నమ్మి తల వంచినవాడు, క్షణంపాటు ఆనిన బరువు, ఖాళీ చేతులు, వరసలో తర్వాతి మనిషి. గుడి మెట్లెక్కే అలవాటు లేనివాళ్లు ఈ మాటను పుట్టించలేరు. భక్తిని వెక్కిరించే ఉద్దేశం ఇందులో కనిపించదు. తల వంచే మనిషి నమ్మకం ఎంత నిండుగా ఉంటుందో తెలిసినవాళ్లు, ఆ నమ్మకం వమ్మైనప్పుడు అన్న మాట ఇది.

గుడి తర్వాత వీధికి ఎక్కువ మాటలిచ్చింది కోర్టు. కోస్తా పట్టణాల్లో "ఐపీ పెట్టాడు" అంటే అర్థం అడిగేవాళ్లుండరు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద అప్పులు తీర్చలేనివాడు కోర్టులో వేసే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌కు పొట్టి పేరు ఐపీ. వ్యాపారం దెబ్బతిని నిజంగా చితికిపోయినవాడికి ఊపిరి పీల్చుకునే దారి చూపడం ఆ చట్టం ఉద్దేశం. వీధికి తెలిసిన ఐపీ వేరు. కూతురి పెళ్లికి దాచిన డబ్బును నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చిన బడిపంతులి ఇంటికి ఒకరోజు కోర్టు కవరు వస్తుంది. విప్పితే పొడవాటి జాబితా, అందులో అప్పులవాళ్ల పేర్ల మధ్య ఎక్కడో తన పేరు. ఆ కవరు విప్పిన ఇళ్లలో ఈ మాట అర్థం మారింది. చట్టం చేతకానివాడికిచ్చిన గొడుగు, వీధిలో చేతివాటం ఉన్నవాడి పేరయింది.

"వాడు ఫోర్ ట్వంటీ" అనే మాటా అలాంటిదే. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో మోసం చేసి ఆస్తి రాయించుకోవడం లాంటి నేరాలకు శిక్ష చెప్పే సెక్షను 420. 2024 జులై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం 318వ సెక్షనుకు మారింది. పోలీసు కాగితం మీద అంకె మారిపోయింది. టీకొట్టు దగ్గర మాత్రం ఫోర్ ట్వంటీ ఫోర్ ట్వంటీగానే ఉంది. మోసగాణ్ణి త్రీ ఎయిటీన్ అని పిలిచే రోజు వస్తుందని ఎవరూ అనుకోరు.

బేవార్స్ అనే తిట్టు మరీ పాత కచేరీల నుంచి వచ్చింది. అరబ్బీలో వారిస్ అంటే ఆస్తికి హక్కుదారు. దాని ముందు లేమిని చెప్పే పారశీకపు బే చేరితే బేవారిస్, అంటే హక్కుదారు లేనిది. దిక్కూమొక్కూ లేని సొత్తును గురించి రెవెన్యూ కాగితాల్లో పడిన మాట, మెల్లగా దిక్కూమొక్కూ లేని మనిషి మీదికి, ఆ తర్వాత పనీపాటా లేనివాడి మీదికి జారింది. అదే వారిస్ తెలుగులో వారసుడయ్యాడు. అరబ్బీ మాటకు సంస్కృత ప్రత్యయం తగిలించి వారసత్వం అని కూడా చేసుకున్నారు. సభల్లో సాహిత్య వారసత్వం గురించి మాట్లాడేవారికీ, సందు చివర బేవార్స్ అని అరిచేవారికీ మాటల మూలధనం ఒక్కటే.

ఇక్కడ ఒక గీత గీయడం అవసరం. యాస వేరు, వీధి మాట వేరు. లొల్లి, యాది, పోరడు అనేవి తెలంగాణలో ఇంట్లో, పొలంలో, పంచాయతీలో అందరూ అనే మాటలు. ఉత్తరాంధ్రలో పిల్లవాణ్ణి గుంటడు అనడమూ అంతే. ఇవి ఆయా ప్రాంతాల తెలుగు. వీధి మాట మనిషి తొడుక్కునే చొక్కా లాంటిది, ఈడువాళ్ల దగ్గర తొడుక్కుంటాడు, తండ్రి ఎదుట విప్పేస్తాడు. యాసను అలా విప్పడం కుదరదు, అది ఒంటి రంగు. ఈ తేడా పట్టని తెలుగు సినిమా చాలా ఏళ్లు తెలంగాణ తెలుగును రౌడీలకూ హాస్యగాళ్లకూ అంటగట్టింది. ఒక ప్రాంతపు తల్లిభాషను ఆకతాయి భాషగా చూపిన ఆ పాపం చిన్నది కాదు.

హైదరాబాదు వీధి మాటల్లో చరిత్ర పొరలు పొరలుగా కనిపిస్తుంది. "నువ్వేమన్నా పెద్ద తోపువా?" అన్నప్పుడు తోపు అంటే ఫిరంగి. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫిరంగులు పోత పోసే కార్ఖానా కట్టించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు, అంటే ఫిరంగి అచ్చు. ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అనే పేట పేరు దాన్నుంచి వచ్చిందే. తోపు పక్కనే ఇంకో మాట నడుస్తుంది. "ఏందిర, తురుంఖాన్ లెక్క మాట్లాడుతున్నవ్?" హైదరాబాదు జనం ఈ మాటను తుర్రేబాజ్ ఖాన్ పేరుకు ముడిపెడతారు. 1857 జులై 17న మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి దిగినవాడు ఆయన. రెసిడెన్సీ లోపలి నుంచి తోపులు పేలాయి, దాడి ఫలించలేదు. పట్టుబడ్డాక చెర నుంచి తప్పించుకున్నాడు. 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర ఆయనను చంపి, శవాన్ని జనం చూసేలా వేలాడదీశారు. ఎవరూ ఎదురు నిలవడానికి సాహసించని చోట నిలిచిన మనిషి పేరు, ఎవడైనా కాస్త ఛాతీ విరిస్తే వెక్కిరించడానికి పనికొచ్చే మాటగా మిగిలింది. నువ్వేమన్నా ఆయనంతటివాడివా అన్న నిలదీతలో ఆయన కొలత మాత్రం తగ్గలేదు. ఆ మాట అనే కుర్రాళ్లలో చాలామందికి ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని తెలియకపోవడమే బాధ.

పారశీకం ద్వారా వచ్చిన పొగడ్తలు ఇంకా ఉన్నాయి. మస్తు అంటే మొదట మత్తులో ఉండటం. ఏనుగుకు మదం ఎక్కే కాలానికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరూ ఇదే మాట. తెలంగాణలో అది "మస్తుగున్నది", "మస్తు మంది వచ్చిండ్రు" అన్నంత మామూలైపోయింది, వీధి మాట ఇంటి మాటగా మారడానికి మంచి ఉదాహరణ. ఖతర్‌నాక్ అంటే ప్రమాదకరమైనది. ఇప్పుడు బాగా ఆడిన ఆటగాడు ఖతర్‌నాక్. జబర్దస్త్‌లో జబర్ అంటే పైన, దస్త్ అంటే చేయి. అచ్చ తెలుగులో పైచేయి. దస్తావేజులో, దస్తూరిలో ఉన్న చేయి కూడా ఆ చేయే.

మెప్పుకోలులో తెలుగు మాటల సంగతి మరింత లోతుగా చూడదగ్గది. దంచేశాడు, కుమ్మేశాడు, చించేశాడు, దుమ్ము లేపాడు, ఇరగదీశాడు. వినగానే కొట్లాట భాష అనిపిస్తుంది, ఇది సినిమాలు నేర్పిన మొరటుతనమని పెద్దలు నొచ్చుకుంటారు. కానీ దంచడం రోలూ రోకలీ ఉన్న ఇంటి పని, కుమ్మడం కొమ్ములున్న ఎద్దు పని. ఇరగదీయడంలో ఉన్న ఇరగ, విరగ అనే మాటకు పల్లె ఉచ్చారణ. చెట్టు విరగకాసింది, తోట విరగబూసింది, జనం విరగబడి నవ్వారు అని తెలుగువాళ్లు ఎప్పటి నుంచో అంటున్నారు. కొమ్మలు విరిగేంతగా కాయడమే విరగకాయడం. మోయలేనంత నిండుదనాన్ని విరగడంతో చెప్పడం ఈ భాషకు పాత అలవాటు. వేదిక మీద కుర్రాడు ఇరగదీశాడన్నప్పుడు వినిపించేది మామిడితోట వ్యాకరణమే. ఆక్షేపించేవారు ముందు ఆ కొమ్మకేసి ఒకసారి చూడాలి.

అరువు మాటలు కొన్ని చాలా దూరం నడిచి వచ్చాయి. చనిపోయాడనడానికి బాల్చీ తన్నేశాడంటారు. బకెట్ తన్నడమన్న ఇంగ్లీషు పలుకుబడిని ఎవరో సరదాగా తెలుగు చేశారు. అయితే అందులో బకెట్‌కు బదులు పెట్టిన బాల్చీ కూడా తెలుగుది కాదు. పోర్చుగీసు బాల్దె, హిందుస్తానీలో బాల్టీ అయి, తెలుగు బావి గట్టు మీద బాల్చీగా కుదురుకుంది. యజమాని అనే అర్థంలో ఉన్న డచ్చి మాట ఇంగ్లీషు మీదుగా వచ్చి, వరసైనవాడు కాకపోయినా "ఏం బాస్" అని భుజం మీద చేయి వేయడానికి పనికొచ్చింది. అదే పని ఆత్మీయంగా చేయాలంటే బావా, మామా అనే మాటలు ముందే ఉన్నాయి. మేనరికపు ఇళ్లలో వేళాకోళానికి హక్కున్న వరసలు అవి.

ఇలాంటి మాటలను సాహిత్యం కొంత పట్టుకుంది. 1892లో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో గిరీశం నోట విజయనగరం వీధి నిలిచింది. విశాఖ కోర్టుల్లో వకీలుగా తిరిగిన రావిశాస్త్రి, బోనులో నిలబడ్డవాళ్ల మాటను కథల్లోకి తెచ్చారు. నిఘంటువుల పని వెనకబడింది. కచేరీల్లో వాడే అన్యదేశ్యాలను సి.పి. బ్రౌన్ 1854లోనే మిశ్రభాషా నిఘంటువుగా అచ్చు వేశారు. భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా సేకరణ చేయించి 1962లో వ్యవసాయ పదాల కోశం తెచ్చారు, తర్వాత చేనేత పదాలు వచ్చాయి. ఆటోస్టాండులో, మార్కెట్ యార్డులో, హాస్టల్ గదుల్లో అలాంటి సేకరణ శ్రద్ధగా జరగాలి. ఏ ఊళ్లో విన్నారు, ఏ ఏడాది విన్నారు, ఎవరు ఎవరితో అన్నారు అన్న మూడు వివరాలూ లేకపోతే వీధి మాట అర్థం సగమే చేతికి వస్తుంది.

సోది అనే మాట ఆ శ్రద్ధ ఎందుకు కావాలో చూపిస్తుంది. నిఘంటువుల్లో అది సోదె. ఎరుకల స్త్రీ గంప చంకన పెట్టుకుని వీధిలో కేక వేసుకుంటూ వస్తుంది. అరుగు మీద కూర్చుని, చాటలో బియ్యం పోయించుకుని, ఇంటావిడ చేయి పట్టుకుని సోది మొదలుపెడుతుంది. ఇలవేల్పును పిలుస్తుంది, పోయిన పెద్దలను పిలుస్తుంది, వాళ్లంతా ఆమె నోట మాట్లాడతారు. ఆ పిలుపుల్లో కూడా వినపడని మనిషి ఎక్కడా లెక్కలో లేనట్టే. సోదిలో లేకుండా పోయాడన్న పలుకుబడిని అలా అర్థం చేసుకోవచ్చు. శ్రీనివాస కల్యాణం కథలో సాక్షాత్తు ఏడుకొండలవాడే ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు ఇంటికి వెళ్లి సోది చెప్పాడు. కురవంజి నాటకాల్లో ఎరుకలసాని సింగి చెప్పింది. అంత గౌరవమున్న మాట, నమ్మకం సడలిన ఇళ్లలో సాగదీసిన కబురైంది, ఇప్పుడు కాలేజీలో "సోది ఆపరా" అయింది. ఒక కులపు ఆడవాళ్ల బతుకుతెరువు ఇందులో ఉందన్న ఎరుక ఆ మాటతో పాటు నిలవాలి. ఇలా కులాల పేర్లనూ వృత్తులనూ తిట్లుగా మార్చిన వీధి మాటలు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిని నమోదు చేసేటప్పుడు అవి ఎవరికి తగులుతాయో కూడా పక్కనే రాయడం కోశకారుడి బాధ్యత.

సోదికి ముందు తరం చెలామణీ చేసిన మాట సుత్తి. ఆగకుండా నెత్తిన మోగే మాటకు కమ్మరి పనిముట్టు పేరు సరిగ్గా అతికింది. 1982లో జంధ్యాల తీసిన నాలుగు స్తంభాలాటతో అది ఊరూరా పాకింది. వీరభద్రరావు, వేలు అనే ఇద్దరు నటులకు ఆ సినిమా తర్వాత సుత్తే ఇంటిపేరైంది. ఇరవై ఏళ్ల పిల్లలు ఇప్పుడు సోది అంటారు, సొల్లు అంటారు, కొత్తగా క్రింజ్ అంటారు. సుత్తి కొట్టకు అన్న మాట ఎక్కువగా వినిపించేది వాళ్ల నాన్నల నోట.