మూత్రం సీసా ఎవరికీ గుర్తురాలేదు

ఆ అమ్మాయి ఆసుపత్రికి వచ్చేసరికి పద్దెనిమిది గంటలయింది. కూల్‌డ్రింకు తాగడం గుర్తుంది, ఆ తర్వాత తెల్లవారడమే గుర్తు. డ్యూటీ డాక్టరు స్వాబ్‌లు తీశారు, బట్టలు సీలు చేశారు, ఒంటిమీద గాయాలు లేవని రాశారు. మూత్రం పట్టివ్వమని మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనడిగితే "ఫారంలో ఉంటే చేద్దాంలేమ్మా" అని విసుక్కున్నారు. ఉంది! రక్తం, మూత్రం తీయాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2014 మార్గదర్శకాల్లోనే ఉంది. నేను కాగితాలు వెతికి చూపించేలోపు ఆ అమ్మాయి రెండుసార్లు బాత్‌రూమ్‌కి వెళ్లివచ్చింది. సాక్ష్యం కాలవలో కలిసిపోయింది.

మత్తులో ఉన్న స్త్రీ ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదని పాత శిక్షాస్మృతి 375 చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 63 కూడా అదే చెబుతోంది. బాగానే ఉంది. మరి మత్తు ఇచ్చారని నిరూపించేదెవరు? ఏమీ గుర్తులేని మనిషేనా?

ఇదేమీ చేతకాని విద్య కాదు. మత్తుమందు అణువు చాలా చిన్నది, శరీరం దాన్ని శత్రువుగా గుర్తించదు. అందుకే దాన్నొక పెద్ద ప్రోటీనుకి తగిలించి కుందేలుకో ఎలుకకో ఎక్కిస్తారు. అప్పుడు ఆ జంతువు తయారుచేసే యాంటీబాడీల్లో కొన్ని మందునే పట్టుకుంటాయి. యాంటీబాడీలతో రక్తంలో అతిసూక్ష్మ పరిమాణాలను కొలవచ్చని చూపించినవాళ్లలో ఒకరు స్త్రీ, రోజలిన్ యాలో. 1977లో ఆమెకు నోబెల్ వచ్చింది. మందుల షాపులో మనం కొనుక్కునే గర్భపరీక్ష పట్టీ పనిచేసేది కూడా యాంటీబాడీలతోనే.

అసలు కిటుకు ఇక్కడుంది. ఏ అణువుని చూపించి తయారుచేస్తే యాంటీబాడీ దాన్నే బాగా గుర్తుపడుతుంది. ఏది చూపించాలో నిర్ణయించేదెవరు? మామూలు బెంజోడయజెపైన్ కిట్లు చాలావరకు ఆక్సాజెపాం వంటివాటిని పట్టడానికి చేసినవి. ఒకటి రెండు మిల్లీగ్రాముల ఫ్లూనిట్రజెపాం శరీరంలో వేరే రూపంలోకి మారి మూత్రంలోకి వస్తే అవి తరచూ పట్టలేవు. కెటమిన్, జీహెచ్‌బీ అసలు ఆ కుటుంబమే కాదు. జీహెచ్‌బీ అయితే పన్నెండు గంటల్లో మూత్రంలోంచి మాయమైపోతుంది. మన స్టేషన్లలో ఫిర్యాదు తీసుకోవడానికే అంత సమయం పడుతుంది!

తెలంగాణలో కల్తీకల్లులో ఆల్‌ప్రజోలం, డయజెపాం కలుపుతారని ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. ఎక్సైజువాళ్లు కల్లు నమూనా తీసి లాబుకి పంపుతారు. కల్లుకుండకిచ్చే విలువ ఆడమనిషి మూత్రానికి లేదా?

మరోవైపు గ్లాసులో ముంచి చూసుకునే పట్టీలు అమ్ముతున్నారు. మత్తుమందు తగిలితే రంగుమారే గోళ్లరంగు తెస్తామని 2014లో అమెరికా విద్యార్థులు కొందరు ప్రకటించారు కూడా. అంటే ఇక గోళ్లకి రంగు వేసుకోకపోవడం కూడా మన తప్పే. నాకు కావలసింది నా వేలికి రంగు కాదు, ఏరియా ఆసుపత్రి అలమరాలో కిట్టు.

మా సంఘంలో ఒక మిత్రురాలు దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. "రేపు కిట్టులో ఏమీ రాకపోతే అబద్ధమాడిందంటారు, ఇంకో రెండువేళ్ల పరీక్ష తెచ్చిపెడతావా?" అంది. ఆ భయం న్యాయమైనది. రెండువేళ్ల పరీక్ష చేస్తే దుష్ప్రవర్తనగా పరిగణించాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పేదాకా వచ్చింది మరి. అందుకే, మందు కనబడకపోతే ఇవ్వలేదని అర్థం కాదని రిపోర్టు మీదే అచ్చువేయాలి. కనబడితే మాస్ స్పెక్ట్రోమీటరుతో నిర్ధారించాలి. ఆ యంత్రమున్న లాబుకి చేరేదాకా సీసాని చల్లగా ఉంచే బాధ్యత ఎవరిదో పేరుతోసహా రాయాలి. ఇక్కడ దొరికే మందులకి, అవి శరీరంలో మారే రూపాలకి యాంటీబాడీలు తయారుచేయమని మన ప్రభుత్వ పరిశోధనశాలలని అడగాలి. మన డబ్బుతో నడిచేవే కదా అవి.

ఒక్క మోతాదు ఇచ్చినా, నెల తర్వాత తలవెంట్రుకల్లో దాని జాడ కొన్నిసార్లు దొరుకుతుంది. జుట్టు కత్తిరించుకోవద్దని, రంగు వేసుకోవద్దని ఆ అమ్మాయికి చెప్పాం. పరీక్ష చేయించమని దర్యాప్తు అధికారికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఇవాళ్టికి ఇరవైమూడో రోజు.