సిద్ధాంతం ఎలా పుట్టిందో చదివితే విశ్వాసం పోతుందా?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేము హాస్టల్లో ఒకే రూములో ఉండే నలుగురం. మా నాలుగు ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇద్దరం చర్చికి వెళ్తాం, అదీ వేర్వేరు చర్చిలకి. మిగతా ఇద్దరి ఇళ్లల్లో ముత్యాలమ్మ తల్లి, కొత్తల పండగ. హిస్టరీలో రోమన్ సామ్రాజ్యం పాఠం వచ్చినప్పుడు, క్రైస్తవ సిద్ధాంతాలు కాలక్రమంలో ఎలా తయారయ్యాయో లైబ్రరీ పుస్తకాల్లో చదవడం మొదలుపెట్టాం. సెలవులకి ఊరెళ్లి చెబితే రెండు వైపులా చీవాట్లే. చర్చి పెద్దాయన ఒకరు "ఇట్లాంటివి చదివితే విశ్వాసం పోద్ది బాబూ" అన్నారు. ఊరి పెద్ద ఒకాయన "వాళ్ల గొడవ మనకెందుకురా" అన్నారు. ఇద్దరూ మంచోళ్లే. కానీ ఇద్దరి మాటా సరికాదని మా అభిప్రాయం.

ఎందుకంటే ఆ గొడవ మన ఊళ్లల్లోనే ఉంది. మాలో ఒకరి ఊళ్లో పట్టుమని నలభై గడపలు లేవు, చర్చిలు మాత్రం రెండు. ఒకరు నీళ్లల్లో ముంచి బాప్తిస్మం ఇవ్వాలంటారు, ఇంకొకరు చిలకరిస్తే చాలంటారు. పోయిన ఏడు అక్కడ ఒక అవ్వ చనిపోతే, ఏ పాస్టర్ గారు ప్రార్థన చేయాలనే దాని మీద ఇద్దరు కొడుకులు మాటలు మానేశారు. ఇప్పటికీ పలకరింపుల్లేవు. ఇద్దరూ "మాదే మొదటి నుంచీ ఉన్న పద్ధతి" అంటారు. మొదటి నుంచీ అంటే ఎప్పటి నుంచి? ఈ ప్రశ్నే మమ్మల్ని చదివించింది.

చాలా చర్చిల్లో చెప్పే నైసియా విశ్వాస ప్రమాణం సంగతి చూడండి. క్రీ.శ. 325లో, ఇప్పటి టర్కీలో ఉన్న నైసియా అనే ఊళ్లో బిషప్పుల సభ జరిగింది. పిలిచింది రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్. అలెగ్జాండ్రియాకి చెందిన ఏరియస్ అనే బోధకుడు, కుమారుడు తండ్రి చేత సృష్టించబడినవాడు, ఆయన లేని సమయం ఒకటి ఉంది అన్నాడు. సభ దాన్ని తోసిపుచ్చింది. కుమారుడు తండ్రితో "ఒకే సారం" కలవాడని చెప్పడానికి హోమోఊసియోస్ అనే గ్రీకు మాట పెట్టింది. ఆ మాట బైబిల్లో లేదు. దాని మీదే ఇంకా చాలా ఏళ్లు తన్నులాట సాగింది. నైసియా తీర్పు కోసం నిలబడ్డ అథనేసియస్ అనే బిషప్పుని ఐదుసార్లు ఊరు దాటించారు. సభ పిలిచిన కాన్‌స్టంటైన్ 337లో చావుకి ముందు బాప్తిస్మం తీసుకున్నది కూడా ఏరియస్ వైపు మాట్లాడిన బిషప్పు చేతుల మీదుగానే. చివరికి 381లో కాన్‌స్టాంటినోపుల్ సభలో గానీ విషయం ఒక కొలిక్కి రాలేదు. అంటే 56 ఏళ్లు.

ఇది చదివాక మా రూములో చర్చికెళ్లే ఇద్దరి విశ్వాసం పోలేదు. ఒకరైతే "ఇంతమంది ఇంత కష్టపడి ఆలోచించారా, నేను అర్థం తెలీకుండా ఒప్పజెబుతున్నానే" అన్నారు. ఒక మాట ఫలానా సంవత్సరం తయారైందని తెలిస్తే ఆ మాట అబద్ధం అయిపోదు. నిజమని కూడా తేలిపోదు. కానీ "మాదే మొదటి నుంచీ" అని అన్నదమ్ములు తలుపులు మూసుకునే ముందు ఒక్క నిమిషం ఆగేలా చేస్తుంది.

మనల్ని ఎక్కువ కదిలించేది గోతుల కథ. వాళ్లు రోమన్ సామ్రాజ్యం హద్దు అవతల బతికిన తెగ. రోమన్లు వాళ్లని అనాగరికులు అనేవాళ్లు. ఆ మాట మనకి కొత్త కాదు కదా. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్పు వాళ్ల భాషకి అక్షరాలు తయారుచేసి బైబిల్ని అందులోకి తెచ్చాడు. ఆయన ఏరియస్‌కి దగ్గరి పక్షం వాడు. కాబట్టి గోతులకి అందింది ఆ సిద్ధాంతమే. ఫిలోస్టోర్గియస్ అనే పాత చరిత్రకారుడు రాసిన ప్రకారం, గోతులకి అసలే యుద్ధాలంటే ఇష్టమని రాజుల గ్రంథాలను వుల్ఫిలా అనువదించకుండా వదిలేశాడట! ఒక జాతికి ఏం చదవడానికి ఇవ్వాలో ఇంకొకరు నిర్ణయించడం అప్పట్నుంచే ఉందన్నమాట. స్పెయిన్‌ని ఏలిన గోతులు 589లో టొలేడో సభ దగ్గర తమ పాత సిద్ధాంతం వదిలి రోమ్ చర్చిలో కలిశారు. తర్వాత వాళ్ల భాష కూడా అక్కడ మిగల్లేదు. వెండి అక్షరాలతో రాసిన గోతిక్ సువార్తల ప్రతి ఒకటి ఇప్పుడు స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఉంది. చదివేవాళ్లు పండితులే, మాట్లాడేవాళ్లు లేరు.

ఇక భూమి సంగతి. 1493లో పోప్ ఆరవ అలెగ్జాండర్ ఒక ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. అట్లాంటిక్‌కి పడమర, క్రైస్తవ రాజుల చేతిలో లేని భూములు స్పెయిన్ రాజులవి అని దాని సారాంశం. అక్కడ మనుషులు ఉన్నారు, వాళ్లని అడిగినవాళ్లు లేరు. 1537లో ఇంకో పోప్, మూడవ పాల్, అక్కడి జనం నిజమైన మనుషులే, వాళ్ల స్వేచ్ఛ, ఆస్తి లాక్కోకూడదు అని ప్రకటించాడు. అయినా 1550-51లో స్పెయిన్‌లోని వయ్యదోలిద్‌లో పెద్ద వాదన జరిగింది. వాళ్లు పుట్టుకతోనే బానిసలు అని సెపుల్వెద, కాదు, బుద్ధి ఉన్న మనుషులు అని లాస్ కాసాస్ అనే మతగురువు వాదించారు. ఇద్దరూ అదే మతం, అదే గ్రంథం. కానీ ఆ వాదన చేసినవాళ్లలో ఒక్క ఆదివాసీ లేడు.

ఆ పాత ఆజ్ఞాపత్రాల ఆలోచన 1823లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పులోకీ వచ్చింది. కనిపెట్టినవాడిదే భూమి, అక్కడి తెగలకి ఉండే హక్కు మాత్రమే అన్నారు. 2022లో పోప్ ఫ్రాన్సిస్ కెనడా వెళ్లినప్పుడు ఆదివాసీలు ఆ సిద్ధాంతాన్ని రద్దు చేయమని ఆయన ముందే బ్యానర్ పట్టుకున్నారు. 2023 మార్చి 30న వాటికన్ దాన్ని తిరస్కరించింది. 530 ఏళ్లు పట్టింది. అది విశ్వాస సిద్ధాంతం కాదు, రాజకీయం అని కొందరంటారు. వాటికన్ కూడా అది తమ బోధనలో భాగం కాదనే చెప్పింది. కావచ్చు. కానీ భూమి పోయినవాళ్లకి ఆ తేడా చెప్పడానికి ఎవరూ రాలేదు కదా.

మన ఏజెన్సీలో భూములు ఆ పత్రంతో పోలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం లాంటి వాటితో పోడుకి అడ్డం పడ్డారు. కానీ 1/70 అంటే ఏంటో తెలిసిన మనకి ఈ కథ వేరేవాళ్లదిలా అనిపించదు. పెద్ద మాటల వెనక ఎవరి భూమి ఉందో చూడటం మనకి అవసరం.

అందుకే మేము అనుకునేది ఇది. చర్చికి వెళ్లేవాళ్లు తమ సిద్ధాంతం చరిత్ర చదవాలి, భయం లేకుండా. వెళ్లనివాళ్లు కూడా చదవాలి, ఎగతాళికి కాదు, ఇంట్లో అక్కనో మామనో అర్థం చేసుకోవడానికి. ఇదే చూపుతో మన ఆచారాలనీ అడగాలి. ఈ పద్ధతి ఎప్పుడు మొదలైంది, ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు, అప్పుడు ఆడవాళ్లని కూర్చోబెట్టారా? మన పెద్దోళ్లు చెప్పేది రాసుకోకపోతే మన గురించి కూడా ఇంకెవరో రాస్తారు.

మా రూములో శనివారం రాత్రి ఒక గంట ఇలా చదువుకుంటున్నాం. మీ హాస్టళ్లలో కూడా మొదలుపెట్టండి. మేము తప్పు రాసి ఉంటే కోపం లేకుండా చెప్పండి, దిద్దుకుంటాం. ఆ అవ్వ కొడుకులిద్దరి దగ్గరికీ మావాడు వచ్చే సెలవుల్లో వెళ్తానన్నాడు. వాళ్లతో నైసియా గురించి కాదు, ముందు వాళ్లమ్మ గురించి మాట్లాడతాడట.

జై ఆదివాసీ.