క్వాంటంలో ‘చూడ్డం’ అంటే మనసులో అనుకోవడం కాదు



ఈమధ్య ఫోన్లలో ఒక మాట బాగా తిరుగుతోంది. ‘నువ్వు చూస్తేనే ప్రపంచం ఉంటుంది, నువ్వు గట్టిగా అనుకుంటే అదే జరుగుద్ది, ఇది క్వాంటం సైన్స్ చెప్పింది’ అని. ఇది తప్పు అంటున్నాం. ఎందుకో చెప్తాం.

ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా రెండు దారులున్న చోటికి పంపితే తెర మీద ఒక్కో చుక్క పడుతుంది. వేల చుక్కలు పడ్డాక చారలు తేలతాయి. 1989లో జపాన్‌లో తోనోమురా బృందం దీన్ని చేసి చూపించింది. ఏ దారిన పోయిందో తెలిసే ఏర్పాటు పెడితే ఆ చారలు పోతాయి. అందుకు మనిషి కళ్లతో చూడక్కర్లేదు. గదికి తాళమేసి అందరూ టీకి పోయినా అంతే. దారి తాలూకు గుర్తు ఒక కాంతి రేణువులో మిగిలినా చాలు. ‘పరిశీలకుడు’ అనే పేరే మనల్ని తికమక పెడుతోంది.

అలాగని అంతా తేలిపోలేదు. 1926లో మాక్స్ బార్న్ ఇచ్చిన సూత్రం ఏ ఫలితానికి ఎంత అవకాశమో చెప్తుంది, ఈసారి ఏది వస్తుందో చెప్పదు. ఆ ఒక్కటే ఎలా మిగులుతుందన్నది ఇప్పటికీ తగువే. మనసుకు పాత్ర ఉందని 1961లో రాసిన విగ్నర్ తర్వాత ఆ మాట వదులుకున్నాడు. పాత్ర ఉందనుకున్నా, కోరుకున్న ఫలితం రప్పించుకునే వీలు ఆ సూత్రంలో లేదు.

దీంతో మనకేటి పని అంటారా? అక్కుపల్లి నుంచి పలాస దాకా ఇది కిడ్నీ జబ్బుల ఉద్దానం. ‘పరీక్ష చేయిస్తేనే రోగం, లేకపోతే ఏటీ లేదు’ అనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆ భయానికి క్వాంటం రంగు పూస్తే ప్రాణాల మీదకొస్తుంది. రక్తంలో క్రియాటినిన్ ఒంటరి ఎలక్ట్రాన్ కాదు. అందులో కోటానుకోట్ల అణువులు, చుట్టూ ఉన్న నీటితో, వేడితో ప్రతి క్షణం తగులుతూనే ఉంటాయి. సూది గుచ్చకముందే ఆ విలువ ఉంది. పరీక్ష దాన్ని పుట్టించదు, బయటపెడుతుంది అంతే. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇంట్లో పెద్దోళ్లని పరీక్షకు తీసుకెళ్దాం.

ఇంకో మాట. 2023లోనే కేంద్రం నేషనల్ క్వాంటం మిషన్‌కు 6,003 కోట్ల రూపాయలు ఆమోదించింది. అమరావతిలో క్వాంటం వ్యాలీ అంటున్నారు. ఆ ల్యాబుల్లో మన సవర, జాతాపు పిల్లలు కూడా ఉండాలి. ఉండాలంటే క్వాంటంని మంత్రంలా నమ్మితే చాలదు, లెక్కలా నేర్చుకోవాలి.