పాట కూడు పెట్టునా? – సంగీత పట్టా జమాఖర్చులు

కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు పెద్దలు. ఆ కోటిలో సంగీతం ఉన్నదో లేదో మాత్రం ఎవరూ తేల్చి చెప్పలేదు. కరీంనగరులోనో ఆదిలాబాదులోనో ఇంటరు ముగించిన పిల్ల సంగీతంలో పట్టా పుచ్చుకుంటానంటే, ఇంట్లో మొదట వినబడేది "చదివి ఏం జేస్తవు బిడ్డా?" అన్న ప్రశ్నే. దాన్ని రసహీనుల మాటగా కొట్టివేయడం మనబోటి సాహిత్యాభిమానులకు అలవాటు. నా మటుకు నాకు అది న్యాయమైన ప్రశ్న. జవాబు కూడా లెక్క కట్టే చెప్పాలి.

ముందు ఖర్చు చూద్దాం. రుసుము పెద్ద సమస్య కాదు. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్టు, ఆపైన రెండేళ్ల డిప్లొమా ఉంటాయి. వాటి ఫీజులకూ ఇంజినీరింగు ఫీజులకూ పోలికే లేదు. బరువంతా దూరానిది. వరంగల్లులో విద్యారణ్య కళాశాల ఉన్నది. హైదరాబాదు రాంకోటిలో త్యాగరాజ కళాశాల ఉన్నది. 1985లో ఏర్పడి, 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయమూ హైదరాబాదుదే. కరీంనగరు పిల్లకు వరంగల్లు ఎలాగో అందుతుంది. ఆదిలాబాదు పిల్లకు హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. గదికీ తిండికీ నెలకు 8,000 రూపాయలు అనుకుందాం. మూడేళ్లకు 2,88,000. వాద్యం కొనుగోలు వేరు, ఆ మూడేళ్లలో సంపాదించుకోలేకపోయిన కూలో జీతమో వేరు.

ఇక రాబడి. పట్టాను స్పష్టంగా అడిగే తలుపు ఒక్కటే, అది బడి. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక స్థాయి సంగీతోపాధ్యాయునికి ఇంటరుతో పాటు సంగీతంలో డిగ్రీ ఉండాలి. హిందీ, ఇంగ్లీషు మాధ్యమాల్లో బోధించగలగాలి. మూలవేతనం 35,400తో మొదలు. అంటే పైన వేసిన ఖర్చు తొమ్మిది నెలల మూలవేతనంతో తీరిపోతుంది. ఇంతకన్నా లాభసాటి చదువు ఏముంటుందని అనిపిస్తుంది. కానీ 2022 ప్రకటనలో ఆ ఉద్యోగాలు దేశం మొత్తానికి 303. తెలంగాణ గురుకులాల నియామక మండలి 2023లో ప్రకటించిన 9,231 ఖాళీలలో సంగీతోపాధ్యాయులవి 124. వందకు ఒకటిన్నర కూడా లేదు. పైగా అలాంటి ప్రకటన ఏటేటా వచ్చేది కాదు. లెక్కలో జీతం చూసి మురిసిపోయే ముందు ఈ భిన్నాన్ని చూడాలి.

మిగిలిన తలుపుల దగ్గర పట్టా అడిగేవాడు లేడు. ఆదిలాబాదు ఆకాశవాణి కేంద్రంలో పాడాలంటే స్వరపరీక్షలో నెగ్గి శ్రేణి తెచ్చుకోవాలి. తెలంగాణ ఏర్పడ్డాక స్థాపించిన సాంస్కృతిక సారథిలో సుమారు 550 మంది కళాకారులకు నెలజీతం దొరికింది. వారిలో చాలామందిని అక్కడికి చేర్చింది ఉద్యమ వేదికల మీద పాడిన పాటే. పెళ్లి కచేరీకి పిలిచేవారూ, యూట్యూబులో జానపదం వినేవారూ గొంతునే చూస్తారు. ఇంట్లో పాఠాలు చెప్పినా, పన్నెండుగురు పిల్లలు తలా 600 ఇస్తే నెలకు 7,200. పట్టా ఉన్నందుకు ఇంకో వంద ఎక్కువిస్తారేమో, అంతే.

వేములవాడ దగ్గరి హనుమాజీపేటను తీసుకోండి. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ, డా. సి. నారాయణరెడ్డిదీ ఆ ఊరే. రాములు విద్య ఏ కళాశాలలోనూ నేర్చినది కాదు. హరికథలూ జానపదాలూ వింటూ పెరిగిన సినారె తెలుగులో ఉన్నత పట్టాలు పొంది అధ్యాపకుడై, పాటను ఆ నీడన పెంచుకున్నారు. పిమ్మట తెలుగు విశ్వవిద్యాలయానికే ఉపాధ్యక్షులయ్యారు. పాటకు అన్నం పెట్టినది వేరే పట్టా అన్న సంగతి ఇక్కడ గమనించదగ్గది.

ఆదిలాబాదు సంగతి మరింత కటువు. గోండుల వంశగాథలను కీక్రీ మీద వాయిస్తూ పాడే ప్రధాన్‌లకు పోషక కుటుంబాలుండేవి. ధాన్యమో పశువో బట్టలో హక్కుగా ముట్టేవి. గురువూ పరీక్షా జీతమూ అన్నీ ఆ ఏర్పాటులోనే ఉన్నాయి. ఆ పోషణ సన్నగిల్లింది; దాని స్థానంలో వచ్చిన సర్కారీ కొలువేమో కాగితం అడుగుతుంది. గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన కన్నుమూశారు. దేశం పురస్కరించిన విద్యకు బడిలో ఉపాధ్యాయార్హత విలువ లేకపోవడం నాకు మింగుడుపడదు. తన ఇంటి వాకిట్లో ఉన్న సంగీతానికి విలువ కట్టించుకోలేని పిల్ల, 300 కిలోమీటర్లు వెళ్లి మరొక సంగీతానికి కాగితం తెచ్చుకోవాలి.

అలాగని పట్టా దండుగ అనను. శ్రుతిజ్ఞానం, లక్షణజ్ఞానం, తోటి విద్యార్థుల సాంగత్యం రూపాయల్లోకి దిగవు. అయితే వాటికోసం పొలం అమ్మమని పేద తండ్రికి చెప్పే హక్కు మనకు లేదు. బోధనే వృత్తిగా కోరుకునేవారు పట్టా చదవాలి, హిందీ ఇంగ్లీషులు కూడా పట్టుకోవాలి. తక్కినవారు బతుకుదెరువుకు మరో డిగ్రీ చదువుతూ సంగీతాన్ని సర్టిఫికెట్టుగా సాగించడం మేలు. ప్రభుత్వం చేయవలసినది ఒకటున్నది: ఒగ్గునూ కీక్రీనీ పరీక్షించి అర్హతాపత్రమిచ్చి, ఆ కళాకారులను వాళ్ల ప్రాంతపు గురుకులాల్లోనే గురువులుగా నియమించాలి. అప్పుడు "చదివి ఏం జేస్తవు?" అన్న ప్రశ్నకు కనీసం ఉట్నూరులోనైనా ఒక జవాబుంటుంది.

మీ జిల్లాల్లో లెక్క వేరుగా తేలితే తప్పక చెప్పండి. తెలుసుకోవాలని ఉన్నది.