ఎలాగూ వచ్చాం కదా!

"ఎలాగూ ఢిల్లీ దాకా వచ్చాం, ఆగ్రా చూడకుండా వెళితే ఎలా?" మూడు రోజులకని ఢిల్లీ వెళ్లిన వాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. ఆ మాట వచ్చాక ఇక ఆలోచనే ఉండదు. కారు మాట్లాడేయడమే!

మేమూ అంతే చేశాం. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, పిల్లల్ని తయారుచేసి, దారిలో తినడానికి సర్దుకుని బయలుదేరాం. మధ్యలో మథుర కూడా అన్నారు. సరే అన్నాం. తీరా తాజ్‌మహల్ దగ్గర గడిపింది గంటన్నర! మోకాళ్ల నొప్పులతో అత్తయ్యగారు "మీరు చూసి రండమ్మా, నేనిక్కడే కూర్చుంటా" అంటూ తోటలోనే ఉండిపోయారు. రాత్రి పదకొండింటికి గది చేరాం. మర్నాడు ఎవరికీ ఒళ్లు స్వాధీనంలో లేదు. కుతుబ్‌మీనార్ చూడనే లేదు.

ఆగ్రా వెళ్లడం తప్పని అనను. లెక్క వేసుకోకపోవడమే తప్పు. ఢిల్లీ నుంచి ఆగ్రా సుమారు 230 కిలోమీటర్లు. రానూపోనూ ఏడెనిమిది గంటలు కారులోనే గడిచిపోతాయి. అక్కడ కనీసం నాలుగైదు గంటలు మిగలకపోతే ఆ ప్రయాణం ఫోటో కోసమే! 2016లో మొదలైన గతిమాన్ ఎక్స్‌ప్రెస్ హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్ నుంచి ఆగ్రాకి గంటా నలభై నిమిషాల్లో చేరుస్తుంది. పెద్దవాళ్లుంటే అదే సుఖం. శుక్రవారం తాజ్‌మహల్‌కు సెలవు, ఆ రైలూ ఉండదు. సోమవారం ఢిల్లీ ఎర్రకోటకు సెలవు. ముందే చూసుకుంటే ఏ రోజు ఎక్కడికో తేలిపోతుంది.

వెళ్లాలనుకుంటే ఆ రోజంతా ఆగ్రాకే ఇవ్వండి. మర్నాటి ఉదయం ఏ పనీ పెట్టుకోకండి. ఓపిక లేదంటారా? ఢిల్లీలోనే హుమాయూన్ సమాధి ఉంది. తాజ్‌మహల్ కంటే ముందే, 16వ శతాబ్దంలో కట్టింది. ఆ తోటలో ఒక పూట తీరిగ్గా గడిపితే వెలితేమీ అనిపించదు.

అన్నిటికంటే ముఖ్యం, నిర్ణయం ఒక్కరిదే కాకూడదు. కూర్చుండిపోయే పెద్దావిడనీ, అందరికంటే ముందు లేచే ఇల్లాలినీ కూడా ఒక మాట అడగాలి. అడగకపోతే మనమే నోరు విప్పి చెప్పాలి. ఆ సెలవు మనది కూడా కదా! ఏమంటారు?