బొమ్మపై మార్కు సరే, బిడ్డ రక్తంలో సీసం మాటేమిటి?

మహాశివరాత్రికి ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి జాతర అంగళ్లు చూసినా, మామూలు రోజుల్లో జహీరాబాద్ బజారులో తోపుడు బళ్లు చూసినా పిల్లల చేతికి ముందు అందే సరుకులు ఒకటే: పసుపు, ఎరుపు రంగులు దట్టంగా పూసిన ప్లాస్టిక్ కార్లు, గిలక్కాయలు, మెరిసే లోహపు గొలుసులు. ముంబై జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దు పక్కన ఉన్న ఊరు జహీరాబాద్. ఏ సరుకు ఎక్కడ తయారై, ఎన్ని చేతులు మారి వచ్చిందో అమ్మేవాళ్లకూ తెలియడం కష్టం. చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మ దిగుమతైనదైనా, దేశంలో చేసినదైనా ఐఎస్ఐ మార్కు ఉండాలి. మార్కు పైన ప్రమాణం నంబరు, కింద లైసెన్సు నంబరు ఉంటాయి. లైసెన్సు నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. ఈ ఉత్తర్వు మంచిదే, అవసరమైనదే. కానీ బొమ్మ మీద మార్కు వెతికే ప్రభుత్వం, ఆ బొమ్మను నోట్లో పెట్టుకున్న బిడ్డ రక్తంలో సీసం ఎంతుందో వెతకడం లేదు. అది వెతకనంత కాలం మన పిల్లలకు ఏ సరుకు హాని చేస్తోందో మనకు తెలియదు.

ఉత్తర్వు ఊరికే రాలేదు. భారత నాణ్యతా మండలి 2019లో దిగుమతి బొమ్మలను పరీక్షిస్తే మూడింట రెండొంతులు భద్రతా పరీక్షల్లో తప్పాయి. 2007లో చైనాలో తయారైన లక్షల బొమ్మలను, రంగులో సీసం ఉందని, మాటెల్ కంపెనీ ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అంతకు ఏడాది ముందు అమెరికాలోని మినియాపొలిస్‌లో నాలుగేళ్ల బాలుడు బూట్లతో ఉచితంగా వచ్చిన గుండె ఆకారపు బిళ్లను మింగి చనిపోయాడు. ఆ బిళ్ల దాదాపు మొత్తం సీసమే. 2008లో అమెరికా పిల్లల వస్తువుల చట్టాన్ని బిగించడానికి ఇవన్నీ కారణాలు. రంగుల విషయంలో మన దేశమూ 2017 నవంబరు నుంచి ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని నియమం పెట్టింది.

అయితే సీసం బొమ్మల దారిలోనే రాదు. రట్గర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు న్యూజెర్సీ దుకాణాల్లోనూ ఢిల్లీ, ముంబైల్లోనూ కొన్న 118 సింధూరం నమూనాలను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు 80 శాతం నమూనాల్లో సీసం కనిపించింది. మూడో వంతు నమూనాలు అమెరికా పరిమితిని దాటాయి. ఆంజనేయస్వామికి పూసే ఆ నారింజ రంగు సింధూరానికి సంప్రదాయంగా ఆ రంగునిచ్చింది సీసపు ఆక్సైడే. కంటికి పెట్టే సుర్మా రాయి చాలాచోట్ల సీసపు సల్ఫైడు. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో అఫ్గాన్ శరణార్థుల పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా తేలితే ఆరోగ్య సిబ్బంది వాళ్ల ఇళ్లకు వెళ్లి చూశారు. వంటింటి అల్యూమినియం గిన్నెలు, కుక్కర్లలోంచే సీసం ఊరుతోందని కనుక్కున్నారు. 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ ఇలాంటి పాత్రలపై ఇచ్చిన హెచ్చరికలో భారత్‌లో తయారైనదీ ఉంది. అమెరికాలోని తెలుగువాళ్లకు ‘దిగుమతి సరుకు’ అంటే మనం ఇక్కడ రోజూ వాడే సరుకే. అక్కడ దాని గుట్టు బయటపడింది ఓడరేవు తనిఖీలో కాదు, పిల్లల రక్తపరీక్షలో. బంగ్లాదేశ్‌లోనూ అంతే. గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడిదని వెతుక్కుంటూ వెళ్లిన పరిశోధకులు పసుపుకొమ్ములకు మెరుపు కోసం రుద్దే సీసపు రంగు దగ్గర తేలారు. ప్రభుత్వం దాడులు, ప్రచారం మొదలుపెట్టాక 2019లో 47 శాతం పసుపు నమూనాల్లో ఉన్న కల్తీ 2021 నాటికి కనబడకుండా పోయింది.

తరతరాలుగా వాడుతున్నాం, ఎవరికేమైందని అడిగేవాళ్లున్నారు. సీసం దెబ్బ కంటికి కనబడదు కాబట్టే ఆ ప్రశ్న వస్తోంది. కడుపునొప్పి, మలబద్ధకం, చదువు మీద నిలవని ధ్యాస, రక్తహీనత వంటి లక్షణాలను చూసి ఏ తల్లీ సీసాన్ని అనుమానించదు. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మింగిన సీసాన్ని పెద్దల కంటే చిన్నపిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇనుము, కాల్షియం తక్కువైన బిడ్డ ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. కాబట్టి అదే బొమ్మ, అదే గిన్నె మన పిల్లలకు మరింత ప్రమాదం. దేశంలో 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం ఆందోళనకర స్థాయిలో ఉందని యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో అంచనా వేశాయి. అంచనాలే ఉన్నాయి, మన మండలం లెక్క లేదు.

చిల్లర వ్యాపారుల పొట్టకొడతారన్న అభ్యంతరం నిజాయితీ గలది. తోపుడు బండి మీద దాడి చేసి బొమ్మలు జప్తు చేస్తే దిగుమతిదారుకు ఏమీ కాదు, అప్పు తెచ్చి సరుకు కొన్నవాడు మునుగుతాడు. నేను కోరేది ఆ దాడులు కాదు. బిడ్డ రక్తం నుంచి వెనక్కి నడిస్తే దోషం బండివాడి దగ్గర ఆగదు, టోకు వ్యాపారి దాకా, కంపెనీ దాకా వెళుతుంది. చేతివృత్తి బొమ్మలకు మార్కు నుంచి మినహాయింపు ఇచ్చారు, అదీ న్యాయమే. ఏటికొప్పాక లక్కబొమ్మలకు సహజ రంగులు తిరిగి తెచ్చిన సీవీ రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. సీసం లేకుండా అందంగా బొమ్మ చేయడం మనవాళ్లకు వచ్చని అంతకంటే రుజువేం కావాలి? ఇక సీసపు బ్యాటరీలు కరిగించే చోట కాలుష్యం బొమ్మల కంటే పెద్దదని అనేవాళ్ల మాట చాలా ఊళ్లలో నిజం కావచ్చు. మన ఊళ్లో ఏది పెద్దదో చెప్పగలిగేదీ రక్తపరీక్షే.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో పడిపోయినప్పుడు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. ఆ తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని తేల్చారు. అయితే వాళ్ల రక్తంలో అంతకుముందు సీసం ఎంత ఉండేదో పోల్చుకోవడానికి లెక్క అంటూ లేకపోయింది. జనం కుప్పకూలాకే పరీక్షించడం మనకు అలవాటైంది. వేలికొన నుంచి ఒకట్రెండు చుక్కలు తీసి నిమిషాల్లో సీసం చెప్పే పరికరాలున్నాయి. ఎక్కువ తేలినవాళ్లకు నరం నుంచి రక్తం తీసి మళ్లీ నిర్ధారించుకోవాలి, అంతే. అంగన్‌వాడీల్లో పిల్లల బరువు, ఎత్తు ఎలాగూ చూస్తున్నారు. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. సంగారెడ్డి జిల్లా యంత్రాంగం జహీరాబాద్ డివిజన్‌లోని కొన్ని అంగన్‌వాడీల్లో ఏడాది, రెండేళ్ల పిల్లలతో ఈ పరీక్ష మొదలుపెట్టాలి. ఎక్కువ తేలిన ప్రతి ఇంటికీ మనిషిని పంపి బొమ్మలు, గిన్నెలు, సింధూరం, సుర్మా, పసుపు నమూనాలు తీయించాలి. ఫలితాలను ఊరందరికీ తెలిసేలా ప్రకటించాలి.