నలుగురి మాటా? వాక్యపు మాటా?

ఎండాకాలం వచ్చిందంటే పల్లెల్లోని క్రైస్తవ సంఘాలలో పెళ్ళి ప్రకటనలు వరుసగా వినిపిస్తాయి. మొదటి ప్రకటన కాగానే ఆడపిల్ల తండ్రి చుట్టూ సలహాదారులు చేరతారు. ఊరంతటికీ విందు పెట్టకపోతే పరువేముంటుందని ఒకరు, ఫలానావారి కట్నం కంటే తగ్గితే ఎలాగని మరొకరు, పొలం ఎక్కడికి పోతుంది, ముందు నోటు రాయమని ఇంకొకరు. ఆదివారం ఆరాధనలో తల వంచి వాక్యం విన్న తండ్రి, సోమవారం ఆ నోటు మీద సంతకం చేస్తాడు.

ఆ సంతకం ఖరీదెంతో లెక్క వేస్తే తెలుస్తుంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెస్తే, నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు వడ్డీకే పోతాయి. 50 నెలలకు కట్టిన వడ్డీ అసలుతో సమానమవుతుంది. అయినా అసలులో ఒక్క రూపాయి తీరదు. సలహా చెప్పిన నలుగురిలో ఒక్కరూ ఆ వడ్డీలో పాలు పంచుకోరు.

తెలుగులో కొత్త నిబంధన 1818లోనే శ్రీరాంపూరులో అచ్చయింది. రెండు వందల ఏళ్ళు దాటినా, పెళ్ళి ఖర్చుల దగ్గరికి వచ్చేసరికి ఆ గ్రంథం అలమారలోనే ఉండిపోతున్నది. లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచినవాని సంగతి ఉంది. ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోకుండా పునాది వేసి ఆగిపోతే చూసినవారు నవ్వుతారని అక్కడి హెచ్చరిక. నలుగురూ నవ్వుతారనే భయంతోనే నేడు అప్పులు చేస్తున్నారు. చివరకు నవ్వులపాలయ్యేది లెక్క చూసుకోనివాడే. సామెతల గ్రంథం 31వ అధ్యాయం గుణవతియైన భార్యను పొగిడింది. ఆమె చేతిపనిని, పొలం కొని తోట నాటిన తెలివిని, బీదలకు చేసిన సాయాన్ని చెప్పింది. ఆమె తెచ్చిన కట్నం ఊసే అక్కడ లేదు.

ఇతరుల సలహాలన్నీ చెడ్డవని దీని అర్థం కాదు. ఆలోచన చెప్పేవారు పలువురుండడం మేలని అదే గ్రంథం చెబుతున్నది. పైరుకు తెగులు సోకితే వ్యవసాయాధికారిని, జబ్బు చేస్తే డాక్టరును అడగడం అవిశ్వాసం కాదు. ఎవరి మాట వినాలన్నదే ప్రశ్న. సొలొమోను కొలువులో ఉన్న పెద్దలు ప్రజల భారం తగ్గించమని చెబితే, రెహబాము దాన్ని తోసివేసి, తనతో పెరిగిన యువకుల మాట విన్నాడు. పది గోత్రాలు అతనిని విడిచిపోయాయి.

కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం చెబుతున్నది. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. అయినా ఆడపిల్ల తండ్రిని ఒక్కడినే నిందించడం న్యాయం కాదు. కట్నం అడిగే మగపెళ్ళివారూ గుడిలో అదే చాపల మీద కూర్చుంటారు. కట్నం లేకపోతే సంబంధం తప్పిపోతుందన్న భయం నిజమైనదే. ఆ భయాన్ని ఒక్క కుటుంబం ఒంటరిగా మోయలేదు. సంఘమంతా ఒక మాట మీద నిలబడాలి. మొదటి ప్రకటన చదవకముందే కాపరి, సంఘ పెద్దలు ఇరుపక్షాలను పిలిచి, కట్నం ఎంత, అప్పు ఎంత అని అడగాలి. కలిగినవారు ముందుగా తమ ఇంటి పెళ్ళి నిరాడంబరంగా చేసి చూపాలి. అప్పుడు లేనివారికి అది చిన్నతనంగా ఉండదు.

సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి. సంబంధం కుదిరిన ఇంట్లో రోజుకొక అధ్యాయం చదువుకుంటే నెలలో పూర్తవుతుంది. నోటు మీద సంతకం అప్పటిదాకా ఆగినా మునిగిపోయేదేమీ లేదు. చదవడం పూర్తయ్యేసరికి అసలు ఆ సంతకంతోనే పని లేకపోవచ్చు.